కొంగ కోట చుట్టూ తాబేలు సేన

ఆ బట్టల దుకాణంలో మెట్ల కింద ఒక గది ఉంది. గది అనడం మర్యాద కోసమే. నిటారుగా నిలబడితే నెత్తి మెట్టుకు కొట్టుకుంటుంది. పైన ఎవరైనా దబదబా దిగితే కుట్టుమిషను మీద సున్నం రాలుతుంది. నిలువుటద్దాలూ, చల్లగాలీ, సెంటు వాసనా బట్టలు కొనేవాళ్ళకు. కొన్న ప్యాంటు పొడవైతే దాన్ని పొట్టి చేసే మనిషికి వీధివైపు ఒక చిన్న కిటికీ, ఒక ట్యూబులైటు, ఒక స్టూలు, ఒక టేబుల్ ఫ్యాను. ఫ్యాను వేస్తే దారప్పోగులు లేచి కళ్ళల్లో పడతాయి కాబట్టి దాన్ని వేసేదీ లేదు.

అక్కడ కుట్టే మనిషిని దుకాణంలో అందరూ ఆల్టరేషనక్క అంటారు. ఇంట్లో అత్తగారికి ఆమె "ఏమే", కూతురికి "అమ్మా". భర్త పోయాక మిగిలిన పిలుపులు ఇవే. అయితే ఆమెకు ఇంకో పేరుంది. ఆ పేరు చెబితే ఒక దేశంలో జెండాలు లేచేవి, గుర్రాలు పరుగెత్తేవి. ఆ పేరు తాబేలు.

ఆ దేశం ఆమె ఫోనులో ఉంది. ఎక్కడెక్కడి మనుషులో కలిసి ఆడే యుద్ధాల ఆట అది. పాతకాలపు జపాను, కొండల మీద కోటలు, కింద వరి మళ్ళు, నదులు, కత్తులు. ఆడేవాళ్ళందరూ తలా ఒక సంస్థానానికి దొరలు. సెలవుల్లో కూతురు దాన్ని తల్లి ఫోనులో ఎక్కించుకుంది, విసుగు పుట్టి వదిలేసింది. తీసిపారేసే ముందు తల్లి ఒకసారి చూసింది. చూసింది చూసినట్టే ఉండిపోయింది.

జెండా మీద ఏదో ఒక గుర్తు పెట్టుకోవాలంటే తాబేలును ఎంచుకుంది. "అదేంటమ్మా, పులి ఉంది, గద్ద ఉంది" అంది కూతురు.

"తాబేలుకి ఇల్లు వీపుమీదే ఉంటుందే. ఖాళీ చెయ్యమనేవాడు ఉండడు."

రోజూ మధ్యాహ్నం భోజనాల వేళ క్యారేజీ పక్కన ఫోను ఆనించి, ఎడమచేత్తో వరి పండించేది, కుడిచేత్తో అన్నం తినేది. మెట్ల కింద నడుం వంచుకుని బతికే మనిషికి అక్కడ మూడంతస్తుల కోట ఉండేది. నవ్వేవాళ్ళు నవ్వండి. దొరతనం ఉన్నవాళ్ళకు ఆటలో దొరతనం ఎందుకో అర్థం కాదు.

ఆమె సంస్థానానికి ఒక పక్క నది. నదికి అవతల మరో దొర. అతని జెండా మీద కొంగ. ఇద్దరికీ మధ్య ఒక చెక్క వంతెన. ఆ వంతెన వల్ల పెద్ద లాభమేమీ లేదు, దాని మీద సుంకమూ రాదు. అయినా ఏళ్ళ తరబడి ఇద్దరూ దానికోసమే కొట్టుకున్నారు. ఈ నెల అతను లాక్కుంటే పై నెల ఆమె లాక్కునేది.

కొట్టుకోవడానికి వాళ్ళు తామే రెండు పద్ధతులు పెట్టుకున్నారు. చెప్పకుండా దండెత్తకూడదు, ముందుగా ఒక ఎత్తిపొడుపు పంపాలి. రెండోది, గెలిచినవాళ్ళు వంతెన పక్కన ఒక మొక్క నాటాలి, ఓడినవాళ్ళ మొక్కను నరక్కూడదు. అతను దేవదారు నాటేవాడు, ఆమె రేగు నాటేది. గెలుపోటములు పెరిగి పెరిగి నదికి రెండు పక్కలా చిన్న అడవి అయింది. వేరే దొరలు దారిన పోతూ ఆగి చూసేవాళ్ళు.

ఎత్తిపొడుపులు గొంతుతోనే పంపుకునేవాళ్ళు. అతని గొంతు బొంగురుగా, నిదానంగా ఉండేది.

"తాబేలమ్మా, రేపు వస్తున్నా. కాళ్ళు చేతులు లోపలికి లాక్కుని పడుకో."

"రావయ్యా కొంగయ్యా. ఒంటికాలి మీద నిలబడే సైన్యం కదా, ఎంతసేపు నిలబడతారో చూస్తా."

"నీ గుర్రాలు మా వంతెన ఎక్కేసరికి మా మనవలకి పెళ్ళిళ్ళవుతాయి."

"ముందు నీకవ్వాలిగా!"

అతనికి పెళ్ళి కాలేదన్న సంగతి అలాగే తెలిసింది. చెల్లెలి దగ్గర ఉంటాడనీ తెలిసింది. ఒకరోజు ఆమె అడిగింది, ఇంత తీరిగ్గా కోటలు కట్టే దొరగారు బయట ఏం వెలగబెడుతుంటారని.

"జీన్సు ప్యాంట్లకి ముసలితనం తెప్పిస్తుంటాను."

"ఏంటీ?"

"నిజంగానే. కొత్త ప్యాంటు తొడల దగ్గర తెల్లగా, వెలిసినట్టు ఉంటుంది చూశావా? అది దానంతట అదే వెలిసిపోదు. గొట్టం పట్టుకుని గాలితో ఇసక కొడతాం. నా చేతి కిందే రోజూ ఎన్నో ముసలివైపోతాయి."

ఆమె పగలబడి నవ్వింది. "అయితే మనది ఒకే దుకాణమయ్యా. నువ్వు వాటిని ముసలివి చేసి పంపుతావు, నేను వాటి కాళ్ళు నరుకుతాను."

"చూశావా, ఇక్కడ కూడా మొదటి దెబ్బ నాదే" అని అతనూ నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు. ఆమె అప్పటికి దాన్ని కూడా ఎత్తిపొడుపులో కలిపేసింది, "దగ్గుతోనే వంతెన కూల్చేలా ఉన్నావు" అని.

తర్వాత కొన్ని నెలలు అతని దండయాత్రలు తగ్గాయి. పంపే మాటలు చిన్నవయ్యాయి. మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడం వినిపించేది. ఒక మధ్యాహ్నం ఇలా వచ్చింది:

"తాబేలమ్మా, కొన్నాళ్ళు కనపడను. ఆస్పత్రిలో పడుకోమన్నారు. ముందు క్షయ అన్నారు, ఆ మందులన్నీ మింగించారు. ఇప్పుడు కాదట. ఇసకట. లోపలంతా ఇసకేనట." ఊపిరి. "ఆ వార్డులో ఫోను ఉండనివ్వరు. బట్టలతో పాటు తీసుకుని బీరువాలో పెట్టేస్తారట. ఎన్నాళ్ళో చెప్పరు. కోట సంగతే... పోతే పోతుందిలే. నేను కట్టి నాదనుకున్నది అదొక్కటే గానీ, ఏం చేస్తాం. వంతెన జాగ్రత్త. నా చెట్లు నరక్కు."

ఆటలో ఒక నియమం ఉంది, అదే ఇక్కడ ప్రాణం మీదికొచ్చింది. కోట దొర ఆటలోకి వచ్చినప్పుడల్లా బురుజు మీద దీపం వెలుగుతుంది. నెలరోజులు దీపం వెలగకపోతే కోట పాడుబడినట్టు లెక్క. గోడలు కూలతాయి, మళ్ళు బీడవుతాయి, పేరు చెరిగిపోతుంది. దొర తిరిగొచ్చినా అక్కడ గడ్డి తప్ప ఏమీ ఉండదు. దొర తన ఫోనులోంచి వెలిగించాలి తప్ప ఆ దీపాన్ని ఇంకెవరూ వెలిగించలేరు.

ఆ రోజు ఆమె చేతిలో ఉన్నది ఒక కొత్త జీన్సు ప్యాంటు. కొలతకు ముందు జేబులు బయటికి తిప్పడం ఆమెకు అలవాటు. జేబు మూల కుట్టులోంచి సన్నటి ఇసక పొడి జల్లున బల్ల మీద పడింది. ఇన్నేళ్ళుగా పడుతూనే ఉంది. గోడౌను దుమ్మనుకుని అరచేత్తో నెట్టేసేది. ఈసారి నెట్టలేదు. తెల్లకాగితం మీదికి ఊడ్చి, ఖాళీ గుండీల సీసాలో పోసింది.

మనం ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. కొత్త బట్టను పాతదిగా చూపించడానికి కొత్త మనిషిని పాతబెడుతున్నారు. ముక్కుకు గుడ్డ కట్టుకోమని చెప్పేవాడికి తెలుసు ఆ గుడ్డ పనికిరాదని. తనిఖీకి ఎవరో వస్తున్నారంటే మంచి మాస్కులు పెట్టెలోంచి బయటికొస్తాయి, వాళ్ళ కారు గేటు దాటగానే పెట్టెలోకి వెళ్ళిపోతాయి. ఊపిరి బాగున్నన్నాళ్ళూ ఆ రోగానికి పేరు చెప్పేవాడు ఉండడు. ఊపిరి పోయాక పేరు దొరుకుతుంది. తొడల మీద రెండు తెల్లటి మచ్చల కోసం ఇదంతా. ఇందులో దొంగలెవరో వెతకడానికి దూరం వెళ్ళక్కర్లేదు, మన ఇళ్ళలో దండేనికి వేలాడుతున్నవి చూసుకుంటే చాలు.

ఇంటికొచ్చినా ఆమెకు అదే ధ్యాస. కూర తరుగుతూ గొణుక్కుంటుంటే అత్తగారు పట్టుకుంది.

"మళ్ళీ ఆ జపాను వాళ్ళతో గొడవా?"

"గొడవ కాదత్తయ్యా. అవతలి దొర ఆస్పత్రిలో ఉన్నాడు. వచ్చేసరికి అతని కోట ఉండదు."

"నీ శత్రువు కోట పోతే నీకెందుకే ఏడుపు?"

"శత్రువైతే మాత్రం? ఇన్నేళ్ళ శత్రువు."

అత్తగారు కాసేపు ఆలోచించింది. ఆమెకు ఆట తెలీదు, కానీ బస్సు ప్రయాణాలు తెలుసు. "సీటు పోకుండా ఉండాలంటే కిటికీలోంచి రుమాలు వేస్తాం కదే. అలాంటిదేదైనా వెయ్యి."

కత్తిపీట మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. నిజమే, అలాంటి రుమాలు ఒకటుంది. ముట్టడి. శత్రుసైన్యం చుట్టుముట్టిన కోటకు దీపం లెక్క ఆగిపోతుంది. లోపల బందీగా ఉన్న దొర దీపం వెలిగించలేడు కదా అని ఆట కట్టినవాళ్ళు పెట్టిన వెసులుబాటు అది. ముట్టడి ఉన్నన్నాళ్ళూ కోట కూలదు, ఇంకెవరూ దాన్ని ముట్టుకోలేరు. ఒక్కటే చిక్కు. ముట్టడించిన సైన్యం కూర్చుని తింటుంది. వాళ్ళ తిండి రోజూ వాళ్ళ దొర ధాన్యపు కొట్లోంచే పోవాలి.

మర్నాడు భోజనాల వేళ తాబేలు జెండా వంతెన దాటింది. ఎత్తిపొడుపు లేకుండా దాటడం అదే మొదలు. ఎవరికి పంపాలి? ఆమె సైన్యం మొత్తం కొంగ కోట చుట్టూ గుడారాలు వేసింది. ఒక్క బాణం వేయలేదు. ఒక్క మడి తొక్కలేదు. కూర్చుంది.

కొంగ దళంలో అతని కింద ఉండే చిన్న దొరలు భగ్గుమన్నారు. వాళ్ళలో పెద్ద నోరు గుడ్లగూబది. ఎక్కడో ఒక అపార్టుమెంటుకి రాత్రి కాపలా అతను, అందుకే ఆ పేరు. కొంగే అతనికి ఆట నేర్పాడు.

"సిగ్గుందా తాబేలూ? మనిషి మంచం మీద ఉంటే ఇంటిమీదికొస్తావా?" అని దేశమంతా వినేలా పెట్టాడు.

ఆమె నోరు విప్పలేదు. విప్పడానికి లేదు. శత్రువులిద్దరు కుమ్మక్కై ముట్టడి నాటకం ఆడారని తేలితే ఆట నడిపేవాళ్ళు ఇద్దరి కోటలూ తుడిచేస్తారు. కొంగ కోటను కాపాడబోయి తానే కూల్చినట్టవుతుంది. అందుకని తిట్లు తింటూ కుట్టుకుంది. "ముసలి పీనుగు తాబేలు" అన్నారు, "దొంగ తాబేలు" అన్నారు. వంతెన పద్ధతులు మెచ్చుకున్న నోళ్ళే అన్నాయి.

కొట్లో వరి తరిగిపోతూ వచ్చింది. కూలీలకు తిండి చాలక మళ్ళు వెనకబడ్డాయి. మూడంతస్తుల కోటలో పై అంతస్తు కట్టెలు అమ్మి బియ్యం కొంది. కూతురు భుజం మీంచి చూసి, "అమ్మా, నీ ఇల్లు పీకి ఆయన ఇంటికి కాపలా పెడుతున్నావేంటి" అంది.

"వీపుమీద ఇల్లుందిగా, ఇది పోతే పోయింది" అంది ఆమె. కానీ ముఖంలో నవ్వు లేదు.

దుకాణంలో గుండీల సీసా అడుగు నిండుతూ వచ్చింది. ప్యాంటు పొట్టి చేయించుకోవడానికొచ్చిన ఒక అమ్మాయి అది చూసి, ఏంటక్కా ఇది అంది.

"నీ ప్యాంటు జేబులోదే. దీన్ని కొట్టిన మనిషి ఊపిరితిత్తుల్లో ఇంకా చాలా ఉంది."

ఆ అమ్మాయి ప్యాంటు చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. సంగతి యజమానికి చేరింది. అతను మెట్ల కిందికి తల వంచి తొంగిచూశాడు. "అక్కా, ఆ సీసా తీసెయ్. కస్టమర్లు భయపడుతున్నారు."

"భయపడనివ్వండి సార్. పీల్చేవాడికి లేని భయం తొడుక్కునేవాళ్ళకైనా ఉండాలిగా."

"ఇక్కడ దుకాణం నడపాలా వద్దా?"

ఆమె సీసాను బల్ల మీంచి తీసి కిటికీ గూట్లో పెట్టింది. వీధిలోంచి కూడా కనిపించే చోట. అతను తల వెనక్కి తీసుకుని వెళ్ళిపోయాడు, అతనికి ఆ కుట్టు కుట్టేవాళ్ళు మరొకరు లేరు.

ఆ వారమే అనర్థం జరిగింది. గుడ్లగూబ చుట్టుపక్కల దళాలన్నిటినీ పోగేశాడు. తిండి చాలక నీరసించిన తాబేలు సైన్యం మీద పడ్డాడు. ముట్టడి విరిగిపోయింది. గుడారాలు తగలబడ్డాయి. ఆమె మిగిలిన గుర్రాలతో నది ఇవతలికి వచ్చి పడింది.

"కోటను విడిపించాం! కొంగన్న వచ్చి చూసుకుంటాడు మేమేం చేశామో!" అని గుడ్లగూబ గొంతు. వెనక కేకలు, ఈలలు.

అది విన్నప్పుడు ఆమె మందపాటి జీన్సు మడత కుడుతోంది. కాలు మిషను మీదే ఉండిపోయింది, సూది విరిగి ఎగిరింది. ముట్టడి పోయింది. ఆగిన లెక్క మళ్ళీ కదిలింది. నెల తిరిగేలోగా కొంగ రాకపోతే కోట పోయినట్టే. ప్రేమకొద్దీ వాళ్ళే తమ దొర కోటకు గొయ్యి తవ్వారు.

ఇక నోరు మూసుకుంటే లాభం లేదు. నోరు విప్పితే కోటకే ముప్పు. విరిగిన సూది ముక్క వేళ్ళ మధ్య తిప్పుతూ కాసేపు కూర్చుని, చివరికి అందరూ వినేలా ఇంతే అంది:

"గుడ్లగూబా, గెలిచావు, సంతోషం. అంతంత కళ్ళున్నాయి కదా, కొంగ కోట బురుజు మీద దీపం వెలుగుతోందేమో చూడు. ముట్టడిలో ఉన్న కోటకు దీపం లెక్క ఉండదని నీకు ఆట నేర్పినవాడు చెప్పలేదా?"

అంతే. ఒప్పుకున్నదీ లేదు, కుమ్మక్కన్నదీ లేదు. ఆటలో ఉన్న నియమం ఆటలో చెప్పింది.

అవతల ఈలలు ఆగిపోయాయి. తర్వాత ఎవరో, "మరి ఆవిడ ఇన్నాళ్ళూ..." అని మొదలుపెట్టి మానేశారు. మరొకరు, "ఒక్క మడి తొక్కలేదురా, నేను చూశాను, చూసి కూడా తిట్టాను" అన్నారు.

గుడ్లగూబ గొంతు విడిగా ఆమెకొక్కదానికే వచ్చింది. "అక్కా, నీ దగ్గర వరి ఉందా?"

"గింజ లేదు నాయనా. తగలబెట్టారుగా."

"మా దగ్గరుంది. కానీ మేం ఆయన దళం వాళ్ళం, ఆయన కోటను మేం ముట్టడించలేం. ఆట ఒప్పుకోదు."

"అయితే ఏం చేస్తావు?"

అతను చెప్పలేదు, చేసి చూపించాడు. ఆ సాయంత్రం కొంగ దళంలో తిరుగుబాటు లేచింది. మొదట గుడ్లగూబ కొంగ జెండా దింపి తన సొంత జెండా ఎత్తాడు. అతని వెనక ఒకరొకరుగా అందరూ దింపారు. దొరమీద తిరగబడ్డ సైన్యమంతా వెళ్ళి దొర కోట చుట్టూ కూర్చుంది. అంత క్రమశిక్షణగా జరిగిన ద్రోహం ఆ దేశంలో మరొకటి లేదు. ఎవరూ ఎవరికీ ఎందుకో చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఒక దళం వరి అయిపోతే ఇంకో దళం వచ్చి కూర్చునేది.

కొంగ ఎప్పుడొస్తాడో, అసలు వస్తాడో రాడో ఎవరికీ తెలీదు. ఎండలు ముదిరాయి. మెట్ల కింద గది ఆవిరి పొయ్యిలా ఉడికింది. ఆమె రోజూ క్యారేజీ మూత తీసే ముందు ఆ బురుజు చూసేది. చీకటిగా ఉండేది. మూత తీసి తినేది.

ఒకరోజు దీపం వెలిగింది.

వెంటనే గొంతు వచ్చింది. వెనక బుస్సుమంటూ సన్నటి చప్పుడు, సిలిండరు గాలిది. ముక్కుకు గొట్టం పెట్టుకుని మాట్లాడుతున్నాడు. "తాబేలమ్మా... వాకిట్లో... ఈ జనమేంటి? ఇంతమంది... నా శవం వెంట కూడా రారు."

ఎలా ఉంది అని అడగాలనిపించింది. ఏడుపొచ్చింది. ఫోను పట్టుకుని కూర్చుంది.

కాసేపటికి మళ్ళీ అదే గొంతు. "జవాబివ్వవేం? జాలిపడుతున్నావా? అది... డాక్టర్లు పడుతున్నారు. చెల్లెలు పడుతోంది. చాలు." బుస్సు, బుస్సు. "నువ్వు... నాతో పోట్లాడు."

ఆమె కళ్ళు కొంగుతో తుడుచుకుంది. గొంతు సవరించుకుంది. తన జీవితంలో అంత బరువైన మాట ఎప్పుడూ ఎత్తలేదు.

"మంచమెక్కి బాగా బలిసినట్టున్నావు కొంగయ్యా. వంతెన దాకా నడవగలవా, మోసుకెళ్ళమంటావా?"

అటునుంచి నవ్వు వచ్చింది. నవ్వు, దాని వెనక దగ్గు, దాని వెనక మళ్ళీ నవ్వు.

మర్నాడు మాట చెప్పి, పద్ధతి ప్రకారం కొంగ దండెత్తాడు. తిరుగుబాటుదారులంతా మళ్ళీ అతని జెండా ఎత్తుకున్నారు. ఆమె దగ్గర గుప్పెడు గుర్రాలున్నాయి, కొట్లో ఎలకలున్నాయి. అయినా వంతెన ఊరికే వదల్లేదు. వదిలితే జాలిపడిందని అతనికి తెలిసిపోతుంది. ఉన్నంతలో నిలబడి ఓడిపోయింది. రేగు చెట్ల పక్కన కొత్తగా ఒక దేవదారు మొక్క లేచింది.

అతని ఊపిరితిత్తులు మళ్ళీ మామూలు కావని అతని చెల్లెలు అదే ఫోనులోంచి ఆమెకు చెప్పింది. ఆ ఇసకను బయటికి తీసే మందు లేదు. అతను పనిచేసిన షెడ్డులో ఆ గొట్టం ఇప్పుడు ఇంకొకరి చేతిలో ఉంది. ఈ కథలో మార్చలేకపోయినది అదే, దాన్ని మార్చకపోతే ఈ కోటలూ వంతెనలూ ఎన్ని నిలబడినా మనకు నిద్ర పట్టకూడదు.

కిటికీ గూట్లో సీసా మెడ దాకా వచ్చింది. ఆమె రెండో సీసా తెచ్చుకుంది. అడిగినవాళ్ళందరికీ చెబుతుంది. కొందరు విని ప్యాంటు మార్చుకుంటారు. కొందరు పొడవు సరిచేయించుకుని వెళ్ళిపోతారు.

వంతెన పోయిన రోజే ఆమె మాట పంపింది. "వానలు పడనీ, వరి చేతికి రానీ. నా వంతెన నేను తీసుకుంటాను. అప్పటిదాకా కదలకుండా ఉండు కొంగయ్యా."

"ఉంటా. వచ్చి... చూడు."

ఇప్పుడు ఆమె మళ్ళీ మొదట్నుంచి వరి పండిస్తోంది. రోజూ భోజనాల వేళ నది అవతలి బురుజు వైపు ముందు చూస్తుంది. ఇవాళ దీపం ఉంది. ఆమె క్యారేజీ మూత తీసింది.